కుడిపక్క తెరుచుకునే చొక్కా

ఆ ఏడు మొదటి వాన పడ్డ రోజునే నోటీసు వచ్చింది. ముందుగదిలో దండెం నిండా ఆరని గుడ్డలు, కిటికీ పక్కన కుట్టుమిషను, మెడలో టేపు వేసుకుని నేను. పోస్టుమాన్ తడిసిన చెప్పులు గుమ్మం బయటే వదిలి, చొక్కా లోపల దాచుకున్న కవరు తీసి ఇచ్చాడు.

"తడవకుండా తెచ్చానమ్మా, ఏదో ముఖ్యమైందిలా ఉంది" అన్నాడు.

సంతకం పెట్టాను. అంత జాగ్రత్తగా తెచ్చినందుకు టీ కూడా ఇచ్చాను. అతను తాగి వెళ్లాకే కవరు చించాను.

లోపల రెండు కాగితాలు. మొదటిది ఏదో బట్టల కంపెనీ తరఫున లాయరు రాసింది. రోగుల కోసం నేను కుడుతున్న, కుడిపక్క తెరుచుకునే చొక్కా డిజైను మీద సర్వహక్కులూ ఆ కంపెనీకి ఉన్నాయట. ఇక మీదట నేను దాన్ని కుట్టకూడదు, అమ్మకూడదు. కుట్టి ఉంచినవి పదిహేను రోజుల్లో అప్పగించాలి. రెండోది రిజిస్ట్రేషను సర్టిఫికెట్ నకలు. దాని మీద చొక్కా బొమ్మ ఉంది. ఆ బొమ్మ నాదే. నేను గోధుమరంగు కాగితం మీద పెన్సిలుతో గీసుకున్నదాన్ని ఎవరో సిరాతో ముచ్చటగా తిరగగీశారు. యజమాని అన్నచోట మా మరిది పేరు ఉంది.

మూడుసార్లు చదివాను. మిషను మీద సగం కుట్టిన చొక్కా, గుడ్డలో దిగి ఉన్న సూది. చక్రం తిప్పి సూది పైకి తియ్యాలో, అలాగే వదిలెయ్యాలో తోచలేదు.

ఆ చొక్కా ఎలా పుట్టిందో చెప్పాలి. అంతకు మూడేళ్ల ముందు మా అత్తయ్యకి పక్షవాతం వచ్చి కుడివైపు మొత్తం పడిపోయింది. మాటల్లో నాలుగే మిగిలాయి: ఆఁ, వద్దు, నీళ్లు, చిన్నా. చిన్నా అంటే మా మరిది. పెద్దకొడుకైన మా ఆయన పేరు గానీ, నా పేరు గానీ ఆ నాలుగింటిలో లేవు. రెండు గంటలకోసారి ఆమెను పక్కకి తిప్పాలి, లేకపోతే వీపు పుండుపడుతుంది. అందుకని నా బతుకు రెండేసి గంటల ముక్కల్లో నడిచేది. బజారుకి వెళ్లినా, మిషను మీద కూర్చున్నా, ఒక కన్ను గడియారం మీదే. ఇల్లు కూడా అలాగే కుదిరింది. ముందుగది, నడిమి గది, వంటిల్లు, దాని పక్కన మరిది పడుకునే చిన్నగది, అన్నీ రైలుపెట్టెల్లా వరసగా. నడిమి గదిలో అత్తయ్య మంచం. ఇంట్లో ఎటు వెళ్లాలన్నా ఆ మంచం చుట్టూ తిరగాల్సిందే.

బట్టలు మార్చడం అన్నిటికంటే పెద్ద గండం. చచ్చుబడ్డ చేతిని చొక్కాలోకి దూర్చబోతే ఆమె అరిచే అరుపుకి కింది వాటాలోవాళ్లు పైకి వచ్చేవారు. ఒకరోజు నేను అలిసిపోయి మంచం పక్కన కూలబడ్డాను. అప్పుడు అత్తయ్య ఎడమచేత్తో తన మెడ దగ్గర గుడ్డ పట్టుకుని, అక్కణ్నుంచి భుజం మీదుగా, చేతి మీదుగా, తుంటి దాకా వేలితో గీత గీసి చూపించారు. ఇక్కడ కొయ్యి అన్నట్టు. కత్తెర తెచ్చి కోశాను. ఆ కోతని చొక్కాగా మార్చడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. కుడిపక్కన ముందు గుడ్డా వెనక గుడ్డా ఎక్కడా కలవకూడదు. మనిషిని పక్కకి తిప్పినప్పుడు వెనక గుడ్డ కింద పరిచి, మళ్లీ వెల్లకిలా పడుకోబెట్టి, ముందు గుడ్డ పైన కప్పి నాడాలు కట్టాలి. చెయ్యి ఎత్తే పనే లేదు. ముడులన్నీ ఛాతీ వైపుకే రావాలి, వీపు కింద ఒక్క ముడి, ఒక్క కుట్టు ఉండకూడదు. ఆ కుట్టుని ముందుకి జరపడానికే ఎన్ని పాత దుప్పట్లు కోశానో లెక్కలేదు.

ఆసుపత్రిలో చూపించడానికి తీసుకెళ్లినప్పుడు హెడ్ నర్సు ఆ చొక్కాని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎక్కడ కొన్నావు చెల్లీ?" అంది. అలా మొదలైంది. మంచానపడ్డవాళ్లున్న ఇళ్లు ఊళ్లో ఎన్ని ఉన్నాయో నాకు అప్పుడే తెలిసింది. మెడ దగ్గర 'సులువు' అని చిన్న చీటీ కుట్టి ఇచ్చేదాన్ని. దాన్ని వ్యాపారం అనడానికి నాకు సిగ్గుగా ఉండేది. ఆ సిగ్గు పోగొట్టినవాడు మా మరిదే. "పేపర్లు లేకపోతే ఎవడో ఒకడు ఎత్తుకుపోతాడు వదినా. నువ్వు కుట్టుకో, ఆ పని నాకొదిలెయ్" అన్నాడు ఆ వేసవిలో. నా బొమ్మలన్నీ ఇచ్చాను.

సాయంత్రం అతను రాగానే కాగితాలు చేతిలో పెట్టాను. చూసి నొచ్చుకున్నాడు.

"అరె, పంపేశారా? నోటీసులొద్దు, వదినకి నేనే చెప్తానన్నాను కదా వాళ్లకి."

"ఏం చెప్తావు?"

"కూర్చో వదినా. ఎవరి పేరున ఉంటే ఏంటి, ఇంట్లోదే కదా? నీ పేరున పెడితే ఆఫీసుల చుట్టూ నువ్వు తిరగగలవా? అమ్మని ఎవరు చూస్తారు?"

"నన్ను కుట్టొద్దంటున్నారు."

అతను గడప మీద కూర్చుని బూట్ల తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు. "వాళ్లొక్కళ్లే కుట్టేలా రాసుకున్నారు. బదులుగా నాకు ఉద్యోగం. ఒకటో తారీకు నుంచి. పద్నాలుగు నెలలు ఖాళీగా కూర్చున్నాను వదినా. నీకు తెలుసు కదా."

తెలుసు. అతను పనిచేసే ఫోన్ల దుకాణం మూతపడ్డాక, పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎక్కడికీ వెళ్లకుండా ఆ చిన్నగదిలోనే కూర్చునేవాడు. అతని చొక్కాలు ఇస్త్రీ చేసింది నేనే.

"అమ్మకి మటుకు నువ్వు ఎన్నయినా కుట్టుకో. ఇంట్లో వాడకానికి నేను అనుమతిస్తా" అన్నాడు నవ్వుతూ.

మంచిగానే అన్నాడు. లేచి అత్తయ్యని పక్కకి తిప్పడానికి వెళ్లాను, వేళయింది.

హెడ్ నర్సే నన్ను లాయరు దగ్గరికి తీసుకెళ్లింది. బస్సులో పోవడానికి నలభై నిమిషాలు, రావడానికి నలభై. మధ్యలో నాకు మిగిలింది నలభై నిమిషాలే. లాయరమ్మ గదిలో పైకప్పు కారుతోంది, బల్ల పక్కన బకెట్ పెట్టి ఉంది. ఆమె నా మాట వింటూనే కాలితో బకెట్ సరిగ్గా చుక్క కిందికి జరుపుకుంటోంది.

"హెడ్ నర్సు కాగితాలు ముందే పంపింది, మీ మరిదికి ఫోన్ చేసి కనుక్కున్నాను" అంది. "'ఆలోచన నాది, నేను చెప్తే వదిన కుట్టింది' అంటున్నాడు. కుట్టడం వేరు, కనిపెట్టడం వేరు. చట్టం కనిపెట్టినవాళ్లదే అంటుంది. మొదటి చొక్కా చేసినప్పుడు పక్కన ఎవరున్నారు?"

"మా అత్తయ్య. మా ఆయన."

"వాళ్లిద్దరిలో ఒకరు చెప్పినా మనకి బలం. ఇంకొకటి అడుగుతాను, ఆలోచించి చెప్పండి. వీళ్లు దరఖాస్తు పెట్టకముందే ఈ చొక్కా కత్తిరింపు బయట నలుగురూ చూసేలా ఎక్కడైనా పెట్టారా? పెట్టి ఉంటే అది కొత్తది కాదు. కొత్తది కానిదాని మీద ఎవరికీ హక్కు రాదు. అతనికీ రాదు, మీకూ రాదు."

హెడ్ నర్సు నా మొహంలోకి చూసింది. నేను ఆమె వైపు చూడలేదు.

"లేదండీ" అన్నాను.

అది అబద్ధం. అంతకు ముందు ఏడాది వార్డులో రోగుల బంధువులు అడుగుతున్నారంటే, కొలతలతో సహా కత్తిరింపు బొమ్మ పెద్ద కాగితం మీద గీసి ఇచ్చాను. హెడ్ నర్సు దాన్ని మందుల బీరువా పక్కన గోడకి అంటించింది. కింద నా చేతిరాతతోనే ఉంది, ఎవరైనా కుట్టుకోవచ్చు అని. ఇచ్చినప్పుడు దానం చేస్తున్నానని కూడా అనిపించలేదు. ఇప్పుడు నాది అనుకోవడం మొదలుపెట్టాక ఆ కాగితం అడ్డం వచ్చింది. ఇంకో అబద్ధం కూడా ఆడాను. ఆలోచన ఎవరిది అంటే "నాదే" అన్నాను. అత్తయ్య వేలితో గీసిన గీత సంగతి చెప్పలేదు.

బస్సులో హెడ్ నర్సు ఒకే మాట అంది. "ఆ కాగితం ఇంకా గోడ మీదే ఉంది చెల్లీ. నేను తియ్యను."

మా ఆయన లిఫ్టు మెకానిక్. మర్నాడు పొద్దున పనిముట్ల సంచి సర్దుకుంటుంటే అడిగాను.

"ఆ మొదటి చొక్కా కోసిన రోజు మీరక్కడే ఉన్నారు. ఆ ముక్క కాగితం మీద రాసివ్వండి చాలు."

"నువ్వే చేశావు. కాదన్నానా? ఎవరడిగినా చెప్తాను."

"లాయరు అడుగుతోంది."

ఆయన స్క్రూడ్రైవర్లు తీసి మళ్లీ అవే సంచిలో పెట్టారు. "నోటితో చెప్పడం వేరు. తమ్ముడి మీద సంతకం పెట్టమంటే నా చెయ్యి రాదు. వాడికి ఇన్నాళ్లకి ఓ దారి దొరికింది. నీకేం తక్కువైంది చెప్పు? నీ మిషను నీకుంది."

"మిషను ఉంది. కుట్టకూడదు."

"కొన్నాళ్లు ఓపిక పట్టు. అన్నీ సర్దుకుంటాయి."

"లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లకి కూడా ఇదే చెప్తారా?"

ఆయన నవ్వబోయి ఆపుకున్నారు. "అంతే కదా. కంగారుపడొద్దు, తలుపు బలవంతంగా తెరవొద్దు, కదలకుండా నిలబడండి అంటాం."

"లోపల గాలి ఆడకపోతే?"

"ఆడుతుంది. ఆడట్లేదని అనిపిస్తుందంతే" అని సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయారు.

ఇక మిగిలింది అత్తయ్య. కదల్లేని మనిషి కాబట్టి లాయరమ్మే మా ఇంటికి వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం. బయట వాన కొడుతోంది. నడిమి గదిలో అందరం మంచం చుట్టూ నిలబడ్డాం. మా ఆయన గోడకి ఆనుకుని, మరిది వంటింటి గుమ్మంలో. కంపెనీ లాయరు ఉండమన్నాడట, ఉన్నాడు. కొత్త ఉద్యోగానికి కొనుక్కున్న నీలం చొక్కా వేసుకున్నాడు.

లాయరమ్మ వంగి, పిల్లలతో మాట్లాడినట్టు కాకుండా మామూలుగానే అడిగింది. "అమ్మా, మీరు వేసుకున్న ఈ చొక్కా ఉంది కదా. ఇలా చెయ్యాలన్న ఆలోచన ముందుగా ఎవరిది?"

అత్తయ్య అందర్నీ వరసగా చూశారు. ఎడమచెయ్యి మెల్లగా లేచింది. మెడ దగ్గర నాడా మీద ఆగింది. ఆ రోజులాగే గీత గీసి చూపిస్తారనుకున్నాను. అలా చూపిస్తే నా అబద్ధం బయటపడుతుంది, అయినా ఫర్వాలేదు, చూపించండి అత్తయ్యా అనుకున్నాను. చెయ్యి నాడా దగ్గర కాసేపు ఉంది. తర్వాత మెడ మీంచి లేచి, నన్ను దాటి, మా ఆయన్ని దాటి, గుమ్మం వైపు తిరిగింది.

"చిన్నా" అన్నారు.

లాయరమ్మ నా వైపు చూసింది. "సరిగ్గా అర్థమైందో లేదో, ఇంకోసారి అడగనా అమ్మా?"

"వద్దు" అన్నారు అత్తయ్య.

ఆమెకి ఉన్న మాటలే నాలుగు. అందులో రెండు ఆ మధ్యాహ్నం ఖర్చుపెట్టారు. లాయరమ్మ పెన్ను మూత పెట్టింది. మరిది వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగిన చప్పుడు వినిపించింది. నాకు ఏడుపు రాలేదు. గడియారం చూశాను. రెండున్నర. వాళ్లందరూ అక్కడ ఉండగానే అత్తయ్య భుజం కింద చెయ్యి పెట్టి ఎడమపక్కకి తిప్పాను. అటు తిరిగాక ఆమె మొహం గోడవైపు ఉంటుంది. ఆ రోజు ఇద్దరికీ అదే మేలయింది.

తర్వాతి రోజులు నాకు సరిగ్గా గుర్తులేవు. మిషను మీద దుప్పటి కప్పాను. కుట్టి ఉన్న పదకొండు చొక్కాలు బీరువా అడుగున పెట్టాను, అప్పగించలేదు, అమ్మలేదు. వాళ్ల నాన్నకి రెండో చొక్కా కావాలని ఒకమ్మాయి వస్తే మిషను పాడైందని చెప్పాను. ఆ అమ్మాయి దుప్పటి కింద మిషను వైపు చూసి, "బాగయ్యాక చెప్పండి ఆంటీ" అని వెళ్లింది. ఇంట్లో తిప్పడం, తుడవడం, మందులు, మళ్లీ తిప్పడం. కిటికీ తీస్తే వాన, మూస్తే ఉక్క. అత్తయ్యా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా ఆమెకి స్నానం చేయించడం కూడా నేర్చుకున్నాం.

నెలాఖరున మరిది ఫ్యాక్టరీలో తయారైన మొదటి చొక్కా తెచ్చాడు. మెరిసే కవరులో, మడత నలగకుండా. వాళ్లమ్మ పక్కన మంచం మీద కూర్చుని కవరు చించి చూపించాడు. ఆమె ఎడమచేత్తో గుడ్డ తడిమి "ఆఁ" అన్నారు. చాలా రోజులకి ఆ మొహంలో వెలుగు చూశాను.

నేను చొక్కా తిరగేశాను. నాడాలు లేవు. బదులుగా నొక్కుడు గుండీలు. తెరుచుకునే పక్క ముందు కాకుండా వెనక్కి జరిగింది.

"గుండీలు వీపు కిందికి వస్తున్నాయి" అన్నాను.

"ముందునుంచి చూస్తే నీట్‌గా ఉండాలని మార్చారు వదినా. నాడాలంటే మరీ ఇంట్లో కుట్టినట్టుంటుందట."

"ఇంట్లో కుట్టిందే కదా."

అతను వినిపించుకోలేదు. ఆ చొక్కా తొడిగాం. మధ్యాహ్నం పక్కకి తిప్పినప్పుడు భుజం ఎముక కింద గుండ్రంగా ఎర్రటి మచ్చ కనిపించింది. చొక్కా మార్చబోయాను. "వద్దు" అన్నారు అత్తయ్య. ఇంకోసారి ప్రయత్నిస్తే ఎడమచేత్తో నా చెయ్యి నెట్టేశారు. బలవంతంగానైనా తీసెయ్యాల్సింది. తియ్యలేదు. ఆమె పట్టుదలకి తలొగ్గానో, లేక చూద్దాం మీ చిన్నోడి చొక్కా ఏం చేస్తుందో అనుకున్నానో, ఇప్పటికీ నిజాయితీగా చెప్పలేను. సాయంత్రానికి ఆ మచ్చ మీద వేలితో నొక్కితే తెల్లబడలేదు. అలా తెల్లబడకపోతే లోపల చర్మం చావడం మొదలైనట్టని హెడ్ నర్సు ఎన్నిసార్లు చెప్పిందో. మూడేళ్లలో ఆమె వీపు మీద నేను రానివ్వనిది ఒక్క పగటిపూటలో వచ్చింది.

మరిది ఇంటికి రాగానే పిలిచాను. "ఒక్కసారి ఇటు రా. పట్టుకో."

అతను ఎప్పుడూ పట్టుకోలేదు. గుమ్మంలోనే నిలబడి చూశాడు. నేను గుండీ ఊడదీసి, ఆ మచ్చ పక్కన పెట్టి చూపించాను. రెండూ ఒకే కొలత.

"కంపెనీకి చెప్తాను" అన్నాడు అక్కణ్నుంచే.

వారం తర్వాత నేనే అడిగాను. "చెప్పావా?"

"చెప్పాను. ఈ సరుకంతా కత్తిరించేశారట. తర్వాతి విడతలో చూద్దామన్నారు." తలెత్తకుండా అన్నం తింటున్నాడు. "నేను కొత్తగా చేరినవాణ్ని వదినా. ఎంతని వాదిస్తాను?"

మర్నాడు అత్తయ్యని తిప్పి, పక్కింటామెని కాసేపు కూర్చోమని చెప్పి, ఆసుపత్రికి వెళ్లాను. గోడ మీద కాగితం అంచులు ముడుచుకుపోయి ఉంది. ఎవరెవరో కొలతలు రాసుకున్న పెన్సిలు గీతలు దాని మీద. హెడ్ నర్సు బీరువా తెరిచి ఒక ఫోటో తీసి ఇచ్చింది. వార్డు తనిఖీకి పెద్ద డాక్టర్లు వచ్చినప్పటిది. వాళ్ల వెనక గోడ మీద నా కాగితం స్పష్టంగా కనిపిస్తోంది. కింద తేదీ.

లాయరమ్మ ఫోటో చూసి నన్ను చూసింది. "ఆ రోజు అడిగితే లేదన్నారే?"

"అప్పుడు నాది అవుతుందనుకున్నానండీ."

ఆమె తిట్టలేదు. "ఒకటి బాగా అర్థం చేసుకోండి. దీంతో మీ మరిది రిజిస్ట్రేషను పోతుంది, అందులో అనుమానం లేదు. కానీ డిజైను మీ చేతికి రాదు. కంపెనీ ఆపక్కర్లేదు, అలాగే కుడుతుంది. పక్కవీధి దర్జీ కుడతాడు. ఎవర్నీ మీరు వద్దనలేరు."

"వార్డులో వాళ్లు కుట్టుకోవచ్చా?"

"కుట్టుకోవచ్చు."

"నేను?"

"మీరూ కుట్టుకోవచ్చు. అందరిలాగే."

అఫిడవిట్‌లో ఈ చొక్కాని నేనూ మా అత్తయ్యా కలిసి తయారుచేశామని రాయించాను. "ఈ వాక్యం మనకి అవసరం లేదు" అంది లాయరమ్మ. ఉండనివ్వమన్నాను.

విచారణ జరిగింది ఓ చిన్న గదిలో. కోర్టులా ఉంటుందని భయపడ్డాను గానీ, మూడు కుర్చీలు, ఒక బల్ల, తిరగని ఫ్యాను. అధికారి కళ్లద్దాలు తుడుచుకుని ఫోటో చూశాడు.

"మీ దరఖాస్తు కంటే ఇది ఏడు నెలలు ముందుది. ఏమంటారు?" అని మరిదిని అడిగాడు.

"నాకు తెలియదండీ. నేను ఆ వార్డుకి ఎప్పుడూ వెళ్లలేదు."

అది నిజమే. వాళ్లమ్మని ఇరవై రెండు రోజులు ఉంచిన వార్డు అది, ఆ తర్వాత కూడా మూడు నెలలకోసారి తీసుకెళ్లి చూపించే వార్డు. ఆ మాట అన్నాక అది తనకే వినిపించినట్టుంది, తల వంచుకున్నాడు. అధికారి రాసుకున్నాడు. పది నిమిషాల్లో అయిపోయింది.

బయట కుండపోత. బస్టాపులో ఇద్దరమే. ఒకే బస్సు ఎక్కాం, ఒకే ఇంటికి వెళ్లాలి కదా. ఖాళీ ఉన్నది ఒక్క సీటే. నన్ను కూర్చోమన్నట్టు పక్కకి జరిగాడు. నలభై నిమిషాలు అతని తడిసిన మోచెయ్యి నా భుజానికి తగులుతూనే ఉంది.

పదిహేను రోజులకి ఉత్తర్వు వచ్చింది. రిజిస్ట్రేషను రద్దు. ఇంకో వారానికి కంపెనీ నుంచి మరిదికి ఉత్తరం వచ్చింది. హక్కే లేనప్పుడు హక్కుదారుతో వాళ్లకేం పని? కుట్టుకోవడం మటుకు ఆపలేదు. వాళ్ల చొక్కాలు దుకాణాల్లో వేలాడుతూనే ఉన్నాయి, అవే గుండీలతో. మరిది మళ్లీ ఇస్త్రీ చొక్కా వేసుకుని చిన్నగదిలో కూర్చోవడం మొదలుపెట్టాడు. మా ఆయన పది రోజులు నాతో మాట్లాడలేదు. మంచినీళ్లు కూడా తనే ముంచుకుని తాగారు. ఎవరూ అరవలేదు, ఎవరూ ఇల్లు వదిలి వెళ్లలేదు. వెళ్లడానికి ఎవరికీ చోటు లేదు. ముగ్గురం ఆ మంచం చుట్టూ అలాగే తిరిగాం.

లాయరమ్మ ఒక సలహా ఇచ్చింది. "చొక్కా ఎలాగూ అందరిదైంది. మీరు చీటీ మీద కుట్టే 'సులువు' అన్న పేరైనా దక్కించుకోండి. అది ఇంకా ఎవరూ రిజిస్టరు చేయించుకోలేదు." ఫారం తీసుకొచ్చి మిషను బల్ల మీదే నింపాను. యజమాని అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. అత్తయ్య పేరు కూడా రాయనా అని ఆలోచించాను. రాయలేదు. ఆ చిన్న గడిలో నా పేరు పట్టడానికే అక్షరాలు ఇరికించాల్సి వచ్చింది. తర్వాత మిషను మీద దుప్పటి తీసి, నూనె వేసి, తుప్పు పట్టిన సూది మార్చాను.

వానలు వెనకబట్టాయి. ఒక మధ్యాహ్నం అత్తయ్యకి చొక్కా మార్చడానికి నాడాలు విప్పుతున్నాను. చిన్నగదిలో కుర్చీ కదిలిన చప్పుడైంది. మరిది వచ్చి మంచానికి అవతలి పక్క నిలబడ్డాడు. చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచి ఉన్నాయి.

"ఎటు తిప్పాలి వదినా?"

"నీ వైపే" అన్నాను.

ఎక్కడ పట్టుకోవాలో చూపించాను. ఒక చెయ్యి భుజం కింద, ఒకటి తుంటి కింద. అతను తిప్పాడు. మరీ గట్టిగా లాగాడు, తల దిండు మీంచి జారితే నేను సర్దాను. అత్తయ్య మొహం అతని పొట్టకి ఆనుకుంది. నాకు వీపు ఒక్కటే కనిపిస్తోంది. మచ్చ మానింది గానీ అక్కడ చర్మం నల్లగా, పలచగా మిగిలిపోయింది. అతను దాన్నే చూస్తున్నాడని తెలుసు. నేను తలెత్తలేదు. వెనక గుడ్డ పరిచి, ముడతలు లేకుండా అరచేత్తో సాఫు చేస్తున్నాను. అది నిదానంగా చెయ్యాల్సిన పని.

"చేతులు వణుకుతున్నాయి వదినా" అన్నాడు.

"బరువుంటారు" అన్నాను. "వదలకు."